‘సెట్ ఆగుం సార్’ అంటే సరైన బల్బు అని అర్థం కాదు



పోయిన వారం మన గ్రూపులో ఒక సభ్యుడు అడిగారు: “కారుకు ఎడమవైపు ఇండికేటర్ బల్బు పోయింది, ఏది కొనాలి?” సాయంత్రంలోపల ఇరవైకి పైగా జవాబులు వచ్చాయి. ఒకరు ఎల్.ఇ.డి. వేయమన్నారు. ఒకరు ఫలానా కంపెనీది అయితే జీవితాంతం పోదన్నారు. ఇంకొకరు “ఇంత చిన్న బల్బుకు ఇంత చర్చ ఎందుకయ్యా, మెకానిక్ దగ్గర వదిలిపెట్టు” అన్నారు. ఇన్ని జవాబుల్లో “పాత బల్బు మీద ఏం రాసుంది?” అని ఎవరూ అడగలేదు. “మీది ఏ కారు?” అని కూడా ఎవరూ అడగలేదు. అందుకే ఈ పెద్ద ఉత్తరం. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు రాయడం ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నది. భాషలో తప్పులుంటే దిద్దండి, విషయంలో తప్పుంటే ఇంకా గట్టిగా దిద్దండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇండికేటర్ బల్బును అంగడివాడి మాట మీదో మెకానిక్ మాట మీదో కొనకూడదు. దాని పేరు చదివి కొనాలి.

మా తమిళనాడు వర్క్‌షాపుల్లో ఒక మాట ఉంది: “సెట్ ఆగుం సార్.” పడుతుంది సార్ అని. హోల్డర్‌లో పట్టింది, స్విచ్చి వేస్తే వెలిగింది, ఇంక పని అయిపోయిందని వాళ్ళ లెక్క. పట్టడం వేరు, సరైనది కావడం వేరు. కారులోపలి లైటు మసకగా ఉంటే కష్టపడేది మనమే. ఇండికేటర్‌ను మాత్రం మనం చూసుకోము. వెనక వచ్చే స్కూటర్ మనిషి చూస్తాడు, ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరు చూస్తాడు, రోడ్డు దాటాలని నిలబడ్డ ముసలావిడ చూస్తుంది. నేను ఇటు తిరుగుతున్నానని మనం వాళ్ళతో చెప్పే మాట అది. ఆ మాట తప్పుగా పలికితే దెబ్బ తగిలేది ముందు వాళ్ళకే.

ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాడికి చెప్పనక్కరలేదు. జోలార్‌పేట పక్కన తిరుపత్తూరు జంక్షన్ ఉంది, దాని కోడు టి.పి.టి. తిరుపతి కోడు టి.పి.టి.వై. తేడా చివర ఉన్న ఒక్క వై అక్షరం. ఆ వై రాయడం మరిచిపోతే కొండకు పోవలసిన మనిషికి సేలం లైనులో టికెట్టు వస్తుంది. మద్రాసు సెంట్రల్ ఎం.ఏ.ఎస్., ఎగ్మూరు ఎం.ఎస్. మధ్యలో ఏ పోతే రైలు ఒక స్టేషన్‌లో, మనిషి ఇంకో స్టేషన్‌లో. “రెండూ మద్రాసే కదా సార్” అంటే రైలు ఆగుతుందా?

ఇండికేటర్ బల్బుల్లో కూడా సరిగ్గా అదే వై. ఒక బల్బు పేరు పి 21 డబ్ల్యూ. ఇంకో బల్బు పేరు పి.వై. 21 డబ్ల్యూ. బల్బు కింది ఇత్తడి మొదలు మీద ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా ముద్రించి ఉంటుంది. నేను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. 21 అంటే వాట్లు, డబ్ల్యూ కూడా వాట్లకే. వై అంటే ఎల్లో, అంటే బల్బు గాజే ఆరెంజ్ రంగులో ఉంటుంది. ఆ రంగును పుస్తకాల్లో ఆంబర్ అంటారు. వై లేనిది తెల్లగాజు బల్బు.

రెండు రకాలు ఎందుకు అని అడుగుతారు. ఒకప్పటి కార్లలో చాలావాటికి ఇండికేటర్ మీద మూత ఆరెంజ్ ప్లాస్టిక్‌తో ఉండేది. లోపల తెల్లబల్బు వెలిగితే మూత గుండా వచ్చే వెలుతురు ఆరెంజ్‌గా కనబడుతుంది. తరువాత ఫ్యాషన్ మారింది. అద్దంలా తళతళలాడే తెల్లమూతలు వచ్చాయి. మూత తెల్లదైతే రంగు ఎక్కణ్ణుంచి రావాలి? బల్బు నుంచే రావాలి. కాబట్టి ఆరెంజ్ మూతకు తెల్లబల్బు, తెల్లమూతకు ఆరెంజ్ బల్బు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం పని అయినట్టే.

ఈ రెండూ తారుమారు కాకుండా బల్బు తయారుచేసేవాళ్ళే ఒక కాపలా పెట్టారు. బల్బు మొదలుకు రెండు చిన్న పిన్నులు ఉంటాయి కదా, తెల్లబల్బుకు అవి సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. అంటే 180 డిగ్రీలు. ఆ మొదలు పేరు బి.ఏ. 15 ఎస్. ఆరెంజ్ బల్బుకు ఒక పిన్ను కొంచెం పక్కకు జరిగి 150 డిగ్రీల్లో ఉంటుంది. దాని పేరు బి.ఏ.యు. 15 ఎస్. 15 అంటే మొదలు వెడల్పు 15 మిల్లీమీటర్లు. దీనివల్ల ఆరెంజ్ బల్బు ఉండవలసిన హోల్డర్‌లో తెల్లబల్బు సరిగ్గా కూర్చోదు. ఈ ఏర్పాటు ఒక్క దేశానిది కాదు, ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో బల్బుల కోసం ఉన్న 37వ నిబంధనలో కొలతలతో సహా ఉంది. పొరపాటుకు తావు లేకుండా ఇంత ఆలోచించి పెట్టిన పిన్నును మనవాళ్ళు ఏం చేస్తారు? ఆకురాయితో అరగదీస్తారు! లేదా హోల్డర్‌లో గట్టిగా తోసి తిప్పుతారు. తరువాత “సెట్ ఆగుం సార్.”

దాని ఫలితం నాకు తెలిసిన కుటుంబంలోనే చూశాను. మా బంధువు ఒకరి కారుకు ముందువైపు చిన్న దెబ్బ తగిలితే ఒక వర్క్‌షాపులో బాగుచేయించారు. కొద్ది రోజుల తరువాత ఒక సాయంత్రం, వాన వెలిసి రోడ్డంతా మెరుస్తున్న సమయంలో, కల్యాణ మండపంలోకి పోవాలని కుడివైపు ఇండికేటర్ వేసి కారు తిప్పారు. ఎదురుగా స్కూటర్ మీద వస్తున్న అబ్బాయి ఆగలేదు. కారు మూలకు తగిలి పడ్డాడు, మెడ కింది ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆ అబ్బాయి చెప్పిన మాట నాకు ఇంకా గుర్తుంది: “లైటు మెరిసింది సార్. నువ్వు పో అని హెడ్‌లైటు కొడుతున్నారనుకున్నాను.” తరువాత దీపం విప్పి చూస్తే లోపల తెల్లబల్బు. ఒక పిన్ను అరగదీసి ఉంది. మా బంధువు ఇండికేటర్ వేశారు, అబద్ధం లేదు. కానీ ఆ అబ్బాయికి కనబడింది హెడ్‌లైటు పక్కన మిణుకుమిణుకుమనే ఇంకో తెల్లదీపం. ఆ వర్క్‌షాపు పేరు నేను చెప్పను. ఇలాంటి పని చేసే చోట్లు ఊరికి పది ఉంటాయి, ఒకరిని తిడితే మిగతా తొమ్మిదిమంది మారరు. మారవలసింది కొనే మనం.

రంగు గురించి సర్కారు కూడా మౌనంగా లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 102వ నియమం చూడండి. మలుపు చూపే దీపం ఆంబర్ రంగులో ఉండాలి, నిమిషానికి 60కి తక్కువ కాకుండా 120కి మించకుండా మిణకాలి అని ఉంది. ముందు నుంచీ వెనక నుంచీ స్పష్టంగా కనబడాలి అని కూడా ఉంది. దాని వెనక ఉన్న ఆలోచన చాలా సరళం. కారు ముందువైపు తెలుపు, వెనకవైపు ఎరుపు. వెనక తెలుపు వెలిగితే బండి రివర్సు వస్తోందని అర్థం. ఈ రెండింటికీ చెందని రంగు ఆరెంజ్, కాబట్టి అది మలుపుకే అని ఎవరికైనా తెలుస్తుంది. రైల్వే సిగ్నల్లో ఎరుపు ఆగమంటుంది, పసుపు జాగ్రత్తగా రమ్మంటుంది, పచ్చ పొమ్మంటుంది. పసుపు దీపంలో తెల్లదీపం పెట్టి “వెలుగుతోంది కదా” అని ఏ స్టేషన్ మాస్టరైనా అంటాడా?

మన సంఘంలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్ళు అడగవచ్చు: “ఇక్కడ కొన్ని కార్లకు వెనక ఇండికేటర్ ఎర్రగానే ఉంటుంది కదా పెదనాన్నా” అని. నిజమే. అక్కడి చట్టం వెనకవైపు ఎరుపునూ ఆంబర్‌నూ రెండింటినీ ఒప్పుకుంటుంది. ముందువైపు మాత్రం అక్కడ కూడా ఆంబరే. మన దేశంలో రెండువైపులా ఆంబరే. ఏ ఊరి రోడ్డు మీద పోతే ఆ ఊరి మాట మాట్లాడాలి. తరతరాలుగా తమిళుల మధ్య, కన్నడిగుల మధ్య, ఒడియావాళ్ళ మధ్య బతుకుతున్న మనకు ఈ సంగతి ఇంకెవరో నేర్పాలా?

సరే, ఇప్పుడు కొనేటప్పుడు ఏం చూడాలో వరుసగా చెబుతాను.

మొదట కారుతో ఇచ్చిన పుస్తకం తియ్యండి. చాలామంది ఇళ్ళల్లో అది ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో నిద్రపోతూ ఉంటుంది. చివరి పేజీల్లో బల్బుల పట్టిక ఉంటుంది. ముందు ఇండికేటర్, వెనక ఇండికేటర్, పక్కన ఉండే చిన్న ఇండికేటర్ వేరువేరుగా రాసి ఉంటాయి. మూడూ ఒకటే బల్బు అనుకోవద్దు. ఒకే కారులో ముందు ఒక రకం, వెనక ఒక రకం ఉండటం మామూలే. పక్క ఫెండర్ మీద ఉండే చిన్నది చాలా కార్లలో 5 వాట్ల బల్బు. ఒకే పేరున్న కారు కూడా తయారైన ఏడాదిని బట్టి మారుతుంది. పక్కింటివారి కారు బల్బు మీ కారుకు సాక్ష్యం కాదు.

రెండోది, పాత బల్బు విప్పి చేతిలో పెట్టుకుని పుస్తకంతో పోల్చండి. రెండూ ఒకటే అయితే ఆ పేరుతో కొనండి. రెండూ వేరైతే పుస్తకాన్నే నమ్మండి, ఎందుకంటే పాత బల్బు కూడా ఎవరో “సెట్” చేసి పెట్టినది కావచ్చు. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్ళు ఈ మాట రెండుసార్లు చదవండి. మద్రాసు పుదుపేటకో జనరల్ ప్యాటర్స్ రోడ్డుకో పోయి పాత బల్బు చూపించి “ఇదే ఇవ్వు” అంటే అంగడివాడు అదే ఇస్తాడు. పాతది తప్పైతే కొత్తదీ తప్పే.

మూడోది, కింది భాగం చూడండి. మధ్యలో ఒక్క సీసం బొట్టు ఉంటే సింగిల్ కాంటాక్ట్, రెండు బొట్లు ఉంటే డబుల్ కాంటాక్ట్. డబుల్ కాంటాక్ట్‌లో సాధారణంగా దొరికేది పి 21/5 డబ్ల్యూ. దాంట్లో రెండు తీగలు ఉంటాయి, 21 వాట్లది బ్రేకుకు, 5 వాట్లది రాత్రి వెనక దీపానికి. దాని పిన్నులు ఎత్తులో ఒకటి పైన, ఒకటి కింద ఉంటాయి. దాని మొదలు పేరు బి.ఏ.వై. 15 డి. బళ్ళారి సభ్యులకు నవ్వు వస్తుంది, వాళ్ళ స్టేషన్ కోడు కూడా బి.ఏ.వై.! దీన్ని ఇండికేటర్ హోల్డర్‌లో బలవంతంగా తోస్తే రెండు బొట్లూ ఒకే రేకుకు తగిలి సర్క్యూట్ కలగాపులగం అవుతుంది. తెల్లబల్బును బ్రేకు హోల్డర్‌లో తోసినా అంతే. బ్రేకు తొక్కితే రాత్రి దీపం, రాత్రి దీపం వేస్తే బ్రేకు దీపం వెలుగుతాయి. వెనకవాడికి మనం ఎప్పుడు ఆగుతున్నామో తెలియదు.

నాలుగోది వోల్టు, వాటు. కారుకు 12 వోల్టులు. లారీలకు, పెద్ద బస్సులకు 24 వోల్టులు. హైవే పక్కన లారీలు ఆగే చోట ఉండే అంగళ్ళలో రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఆకారం ఒకటే, పిన్నులు ఒకటే. 24 వోల్టుల బల్బు కారులో పెడితే వెలుగుతుంది, కానీ నిద్రమత్తులో ఉన్నట్టు ఎర్రగా మసకగా వెలుగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో దాన్ని చూసేవాడు ఎవడూ లేడు. 21 వాట్ల చోట తక్కువ వాట్లది వేసినా అదే గతి. ఎక్కువ వాట్లది వేస్తే హోల్డర్ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఐదోది పిన్నులు లేని బల్బులు. వీటికి ఇత్తడి మొదలు ఉండదు, గాజే చదునుగా నొక్కి ఉంటుంది, హోల్డర్‌లో నేరుగా గుచ్చుతారు. పక్క ఇండికేటర్‌లో వేసే 5 వాట్లది ఇలాంటిదే. తెల్లదాని పేరు డబ్ల్యూ 5 డబ్ల్యూ, ఆరెంజ్‌ది డబ్ల్యూ.వై. 5 డబ్ల్యూ. ఇక్కడే జాస్తి జాగ్రత్త కావాలి. ఈ రెండింటి మొదలూ ఒకటే కాబట్టి పిన్ను కాపలా లేదు. తెల్లది అడ్డం చెప్పకుండా కూర్చుంటుంది. కాపలా మన కళ్ళే.

ఇంకో మాట. ఆరెంజ్ బల్బుల్లో కొన్నింటికి రంగు పైపూతగా ఉంటుంది. చవకరకం అయితే కొన్నాళ్ళ వేడికి ఆ పూత పొరలుగా రాలిపోతుంది. బల్బు మాడిపోదు, వెలుగుతూనే ఉంటుంది, కానీ ఆరెంజ్ కాస్తా పాలిపోయి తెల్లబడుతుంది. వెలుగుతోంది కదా అని వదిలేయకుండా మార్చండి. ఒక వైపు మారిస్తే రెండో వైపు కూడా మార్చడం మేలు. రెండు వైపులా ఒకే వయసు, ఒకే రంగు ఉంటాయి. ఖర్చు ఎంత? ఇద్దరు మనుషులు హోటల్లో టిఫిన్ తిన్నంత.

ఇప్పుడు పిల్లకాయలకు ఇష్టమైన ఎల్.ఇ.డి. దగ్గరికి వస్తాను. కారు కంపెనీయే ఎల్.ఇ.డి. దీపాలు పెట్టి ఇస్తే దాంతో నాకు ఏ తగాదా లేదు. అది దానికోసమే కట్టిన దీపం. నేను వద్దంటున్నది మామూలు తీగబల్బు కోసం కట్టిన దీపంలో ఎల్.ఇ.డి. బల్బు గుచ్చడం. దానికి మూడు కారణాలు చెబుతాను.

ఒకటి మిణుకు. 21 వాట్ల బల్బు 12 వోల్టుల మీద దాదాపు 1.75 ఆంపియర్ల కరెంటు తాగుతుంది. ముందూ వెనకా కలిపి మూడున్నర ఆంపియర్లు. ఒక బల్బు మాడిపోతే ఆ కరెంటు సగానికి పడుతుంది. ఫ్లాషర్ అది గమనించి ఆ వైపు గబగబా మిణికిస్తుంది. డ్రైవరుకు టిక్‌టిక్ చప్పుడు వేగంగా వినబడి “బల్బు పోయింది” అని తెలుస్తుంది. ఎల్.ఇ.డి. బల్బు రెండు మూడు వాట్లే తాగుతుంది. ఫ్లాషర్ బల్బు పోయిందనుకుని వేగంగా కొడుతుంది. దాన్ని సరిచేయడానికి అంగడివాడు ఒక రెసిస్టర్ అమ్ముతాడు. 6 ఓములది అయితే అది 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లు ఊరికే వేడిగా మారుస్తుంది. ఆ వేడిని వైర్ల కట్టకు, ప్లాస్టిక్‌కు ఆనించి కడతారు. కరెంటు ఆదా అని కొన్న బల్బుకు కరెంటు తగలేసే ఇనుప ముక్క తోడు. పైగా ఇంక నిజంగా బల్బు పోయినా కారు మనకు చెప్పదు. కాపలా కుక్కకు నోరు కట్టేసినట్టు.

రెండోది వెలుతురు పడే తీరు. దీపం లోపల ఉన్న అద్దపు గిన్నె, తీగ ఎక్కడ ఉంటుందో లెక్కవేసి మలిచినది. తీగ చోట నాలుగు పక్కలా అతికించిన ఎల్.ఇ.డి. చుక్కలు ఉంటే వెలుతురు ఆ లెక్కకు రాదు. నేరుగా చూస్తే కళ్ళు చెదురుతాయి, పక్కనుంచి చూస్తే ఏమీ కనబడదు. ఇండికేటర్ ముఖ్యంగా కనబడవలసింది పక్కన వచ్చే బండికే.

మూడోది రంగు. ఆరెంజ్ మూత వెనక తెల్ల ఎల్.ఇ.డి. పెడతారు. నీలం ఛాయ ఉన్న ఆ తెలుపులో ఆరెంజ్ పాలు తక్కువ. మూత మిగతా రంగులన్నీ ఆపేస్తే బయటికి వచ్చేది కాస్త మసక వెలుతురే. ఇంట్లో చీకట్లో చూస్తే బాగుంటుంది, ఎండలో తేలిపోతుంది.

“తెల్లగా ఉంటే స్టైల్‌గా ఉంది మామా” అన్నాడు మా వీధి అబ్బాయి ఒకడు. నీ చొక్కా స్టైల్‌గా ఉండనీ నాయనా, నీ కారు సీటు స్టైల్‌గా ఉండనీ. ఇండికేటర్ మాత్రం నీది కాదు, నీ ఎదురుగా వచ్చేవాడిది అని చెప్పాను.

“ఈ ఊళ్ళో ఇండికేటర్ ఎవడు చూస్తాడండీ, వేసినా వేయకపోయినా ఒకటే” అనే పెద్దలు కూడా ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కాదనను. కానీ జనం ఇండికేటర్‌ను ఎందుకు నమ్మడం మానేశారో ఆలోచించండి. ఒకడిది తెల్లగా మిణుకుతుంది, ఒకడిది మసకగా ఉంటుంది, ఒకడిది ఎడమవైపు మాడిపోయి ఆర్నెల్లు. ఇన్ని తప్పుడు మాటలు విన్న జనం నిజం మాటను కూడా వినడం మానేస్తారు. వాళ్ళు చూడటం లేదు కాబట్టి నేను సరిచేయను అంటే ఇద్దరూ ఎప్పటికీ మారరు. పాత మోరిస్ మైనర్ కార్లకు తలుపుల పక్కనుంచి రైల్వే సిగ్నల్ చెయ్యిలాగా ఒక చిన్న చెయ్యి లేచేది. మన నాన్నల తరం దాన్ని చూసి నవ్వుకునేది, కానీ అది లేస్తే బండి తిరుగుతోందని అందరికీ తెలిసేది. అందులో అనుమానానికి చోటు లేదు. మన దీపం కూడా అంత స్పష్టంగా ఉండాలి.

బల్బు వేసిన తరువాత అయిదు నిమిషాలు ఆగి చూడండి. బండి ఆపి, బల్బు చల్లారాకే విప్పాలి. లోపలికి కొంచెం నొక్కి ఎడమకు తిప్పితే వస్తుంది. హోల్డర్‌లో పచ్చటి చిలుము పట్టి ఉంటే ఉప్పుకాగితంతో మెల్లగా గీకండి. సముద్రానికి దగ్గరగా ఉన్న యానాం, మద్రాసు సభ్యులకు ఈ బాధ జాస్తి. కొత్తది సులభంగా కూర్చోవాలి. బలం ఉపయోగించవలసి వస్తే అక్కడే ఆగి పేరు మళ్ళీ చదవండి. తరువాత ఇండికేటర్ వేసి గడియారం చూస్తూ అర నిమిషం లెక్కపెట్టండి. 30కి 60కి మధ్య మిణకాలి, రెండు వైపులా ఒకే వేగం ఉండాలి. ఆ తరువాత ఇంట్లోవాళ్ళను పిలిచి పది పదిహేను అడుగుల దూరంలో, ముందు, వెనక, పక్కన నిలబెట్టి అడగండి: ఏ రంగు కనబడుతోంది? ఈ పరీక్ష పట్టపగలు చేయండి. బ్రేకు తొక్కి, రాత్రి దీపాలు వేసి కూడా చూడండి, ఒకటి వేస్తే ఇంకొకటి వెలగకూడదు.

బల్బును పేరు పెట్టి అడగడంలో మనలాంటివాళ్ళకు ఇంకో లాభం ఉంది. మనవాళ్ళు బరంపురంలో ఒడియాలో, షోలాపూర్‌లో మరాఠీలో, బళ్ళారిలో కన్నడంలో, ఇక్కడ తమిళంలో బేరం చేస్తారు. “ఎల్లో బల్బు”, “పెద్ద బల్బు”, “అదే సైజుది” అనే మాటలు ఊరికో అర్థం ఇస్తాయి. పి.వై. 21 డబ్ల్యూ, 12 వోల్టులు అంటే అన్ని ఊళ్ళల్లో ఒక్కటే అర్థం. కాగితం మీద రాసుకుని పొండి, ఫోన్‌లో ఫోటో తీసుకుని పొండి. అంగడివాడు వేరేది చేతిలో పెట్టి “ఇదీ అదీ ఒకటే” అంటే తిరిగి ఇచ్చేయండి. గౌరవంగా ఇవ్వండి, తగాదా వద్దు. పదిమంది అలా తిరిగి ఇస్తే పదకొండోవాడికి సరైన బల్బు తెచ్చి పెట్టుకుంటాడు. మంచి మెకానిక్కులు కూడా ఉన్నారు, పేరు చదివి, పుస్తకం అడిగి, అప్పుడు చేయి వేసేవాళ్ళు. వాళ్ళను మన గ్రూపులో మెచ్చుకుందాం.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఆయుధపూజ నాడు మనమందరం బండ్లు కడిగి, గంధం కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొడతాం. ఆ పూజకు ముందు పదినిమిషాలు బండి దీపాలు కూడా చూసే అలవాటు చేద్దాం. ఈసారి ఉగాది కూటమికి మండపం ముందు యాభై కార్లయినా నిలబడతాయి. ఇద్దరు యువకులు ముందుకు వస్తే ఒక్కొక్క కారుకు రెండు నిమిషాలు, ఎడమ, కుడి, బ్రేకు, చాలు. తప్పు బల్బు ఉన్న కారు యజమానికి చీటీ మీద సరైన పేరు రాసి ఇద్దాం. ఎవరినీ నవ్వకూడదు, ఎవరినీ తప్పుపట్టకూడదు. కార్యదర్శి గారు ఒప్పుకుంటే నేను నా కళ్ళజోడు, ఒక టార్చి, ఒక నోటుపుస్తకం తీసుకుని పొద్దున ఎనిమిదికే వస్తాను.

గ్రూపులో ప్రశ్న అడిగిన తమ్ముడికి నా జవాబు ఇది: మీ పాత బల్బు మీద ఉన్న అక్షరాలు, కారు పుస్తకంలో ఉన్న పేరు రెండూ ఫోటో తీసి పెట్టండి. దీపం మూత ఏ రంగో కూడా చెప్పండి. అప్పుడు ఏది కొనాలో ఒక్క మాటలో చెబుతాను.